విమల ఏటా వెళ్లిన దారి

గుడివాడలో పాట

జనవరి చివరి ఆదివారం ఉదయం ఐదూ నలభైకి గుడివాడ స్టేషను బయట టీ బండాయన పాలగిన్నె పొయ్యి మీంచి దించాడు. ఆ రోజు ఆయన అమ్మిన మొదటి టీ నాదే. పది రూపాయలు. మా నంద్యాలలోనూ అంతే, కాకపోతే ఇక్కడ గ్లాసు అంచుదాకా పోస్తారు.

"ఎవరింటికండీ?" అని అడిగాడు.

"మా ఆవిడకి తెలిసినవాళ్లున్నారు."

"ఆవిడ రాలేదా అండీ?"

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

విమల పోయి ఏడాది దాటింది. మా సంఘంలోని స్త్రీల సమాజం కృష్ణా జిల్లాలో పనిచేసే కొందరు సువార్తికులకు నెలనెలా సాయం పంపుతుంది. డబ్బు పంపి ఊరుకోకూడదని, ఏడాదికొకసారైనా వాళ్లింట్లో కూర్చుని అన్నం తినాలని విమల పట్టు. అందుకని కోతలయ్యాక ప్రతి జనవరిలోనూ తను ఈ దారిన వచ్చేది. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి, అప్పుడు సెలవు దొరికేది కాదు. రిటైరయ్యేసరికి మా అమ్మ మంచం పట్టింది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరిలో ఒకరం ఇంట్లో ఉండాలి, నేను ఉండేవాణ్ణి. తిరిగొచ్చాక విమల రెండు రోజులపాటు కబుర్లు చెప్పేది. ఆ పేర్లూ ఆ ఊళ్లూ నేను అలా విన్నవే.

డిసెంబరులో దివిసీమ నుంచి ఏలియా ఫోను చేశాడు. మా నంద్యాల పక్క పల్లె కుర్రాడే. భార్య సుగుణతో కలిసి ఆరేళ్లుగా అక్కడ సముద్రానికి దగ్గరున్న ఒక చేపలు పట్టేవాళ్ల పల్లెలో పనిచేస్తున్నాడు. "ఫిబ్రవరిలో వచ్చేస్తున్నాం మాస్టారూ. ముందు మీకు చెప్పాలనిపించింది" అన్నాడు. కారణం నాకు తెలుసు. విమల పోయిన కొన్ని నెలలకే వాళ్ల పిల్లవాడు జ్వరంతో పోయాడు. ఒక్కడే కొడుకు, ఇంకా పాకడం కూడా రాలేదు. "అమ్మగారుంటే వచ్చి ఏదో ఒకటి చెప్పేవారు" అన్నాడు ఏలియా. నా దగ్గర చెప్పడానికేమీ లేకపోయినా, వస్తానన్నాను.

చెప్పడానికేమీ లేదనడానికి కారణం ఉంది. మా గుడిలో ఆరాధన మధ్యలో పాస్టరుగారు "దేవుడు" అంటే, సంఘమంతా "నమ్మదగినవాడు" అంటుంది. విమల పోయినప్పటి నుంచి ఆ మాట దగ్గర నా నోరు పెగలడం లేదు. నమ్మకం పోయి కాదు. అనే ముందు దాని అర్థమేమిటో తెలియాలనిపిస్తోంది. అది తెలియనివాణ్ణి ఇంకొకరిని ఉండమని ఏ మొహంతో చెప్పను?

ఆ ఆదివారం గుడివాడ గుళ్లో కోత పండుగ. మా వైపు కోత పండుగకి జొన్నలు, వేరుశనక్కాయలు తెస్తారు. ఇక్కడ బలిపీఠం ముందు ధాన్యం బస్తాలు, అరటి గెలలు, కట్టేసిన కోళ్లు, పెరటి కాయగూరలు. ఆరాధన కాగానే వాటిని వేలం వేశారు. దీన్ని వీళ్లు పాట అంటారు. పాట పాడించే సంఘపెద్ద భలే మాటకారి. ఒక కోడిగుడ్డు పైకెత్తి, "ఇది పెట్టిన కోడి ఆదివారం తప్పకుండా గుడికొస్తది, కొందరి కంటే నయం" అన్నాడు. గుడ్డు నాలుగొందలకి పోయింది.

గుమ్మడికాయ వంతు వచ్చినప్పుడు నేను కళ్లజోడు సర్దుకున్నాను. "నంద్యాల మాస్టారు ఐదొందలు!" అని కేక వేశాడాయన. కాదనేలోపే మూడోసారి కూడా అనేశాడు. డబ్బిచ్చి, గుమ్మడికాయ ఎత్తుకుని, వచ్చి నా చోట కూర్చున్నాను. గుడంతా నన్నే చూస్తోంది. పక్కాయన నా చెవిలో, "మాస్టారూ, తిరిగిచ్చెయ్యాలండీ. మళ్లీ పాట పెడతారు" అన్నాడు. మా వైపు పాడుకున్నవాడు ఇంటికి తీసుకెళ్తాడు. ఇక్కడ మొదటిసారి పాడుకున్న వస్తువుని తిరిగి దేవుడికే ఇస్తారట. సిగ్గుపడి లేవబోయాను. "ఉంచుకోండి, ఉంచుకోండి" అని ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు. "అమ్మగారు ఒకే గుడ్డుని మూడు సార్లు పాడారు, ఆ లెక్కలో ఇది చెల్లు!"

ఆ గుడ్డు సంగతి విమల నాతో చెప్పలేదు. ఇంకా ఏమేం చెప్పలేదో అనుకుంటూ గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బందరు

మచిలీపట్నం అన్న మాట బోర్డుల మీదే ఉంది. మనుషులు బందరనే అంటారు. బస్సు పామర్రులో చాలాసేపు ఆగింది. దారి పొడవునా కోసిన మళ్లలో అప్పుడే మినుము మొలకలు. మా ఊరి పక్క కోత అయిన చేను వానల దాకా ఎండుతుంది. ఇక్కడ నేలకి విశ్రాంతి ఇవ్వరు.

బందరులో కాంతమ్మగారింట్లో దిగాను. ఆవిడ నర్సు పని చేసి రిటైరైంది. విమల ఏటా ఆవిడ దగ్గరే ఒక రాత్రి ఉండేది. తలుపు తీసి, నా మొహం చూడకుండా సంచీ వైపు చూసింది.

"రొట్టెలు తేలేదా?"

"ఏ రొట్టెలండీ?"

"జొన్నరొట్టెలు. నువ్వులద్ది, కరకరలాడేట్టు ఎండబెట్టినవి. ఇంటింటికీ ఒక కట్ట తెచ్చేది. గుమ్మడికాయ తెచ్చారా మీరు? సరిపోయింది. బందరులో గుమ్మడికాయలకి కరువు మరి."

ప్రయాణానికి ముందు మా వంటింట్లో వారం పాటు రొట్టెలు కాల్చడం నేను చూశాను. దారిలో తినడానికనుకునేవాణ్ణి. అన్ని రొట్టెలు ఒక మనిషి దారిలో ఎలా తింటుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం పీతల ఇగురు పెట్టింది. పీతని ఎలా తినాలో నాకు చేతకాలేదు. డెక్క విరవబోతే చొక్కా మీద పడింది. "విమల కూడా మొదటేడు ఇంతే. చీర పాడు చేసుకుంది" అంది. ఆ మరక ఏ చీర మీదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

సాయంత్రం నన్ను పాత సమాధుల దొడ్డికి తీసుకెళ్లింది. సముద్రం మీద ఓడల్లో వచ్చిన తొలినాటి మిషనరీలవి కొన్ని అక్కడున్నాయి. ఉప్పుగాలికి రాళ్ల మీది అక్షరాలు సగం పోయాయి. వరసగా చూస్తూ వెళ్తే పెద్దవాళ్ల రాళ్ల కంటే పిల్లల రాళ్లు ఎక్కువ కనిపించాయి. చిన్నవి, మోకాలెత్తు కూడా లేవు.

"ఓడ దిగిన ఏడాదే పోయినవాళ్లున్నారు ఇందులో" అంది కాంతమ్మగారు. "ఒక్కళ్లకీ బాప్తిస్మం ఇవ్వలేదు. భాష కూడా రాలేదు. ఏం చూసుకుని వచ్చినట్టు, ఏం చూసుకుని పోయినట్టు?"

"విమల ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. చీపురు తెచ్చుకుని ఆ చిన్న రాళ్ల చుట్టూ ఊడ్చేది. మీ ఆవిడ తక్కువ మాట్లాడేది కదా."

మా ఇంట్లో విమల చాలా మాట్లాడేది. నేనే తక్కువ.

తిరిగొస్తూ ఆవిడ అసలు మాట అడిగింది. "దివిలో ఆ పిల్లలు, ఏలియా వాళ్లు, వెళ్లిపోతామంటున్నారు. మీరు వెళ్లి ఏం చెప్తారు?"

"తెలియదండీ."

"తెలియకపోతే చెప్పకండి. అందరూ చెప్పేశారు వాళ్లకి. నేనూ చెప్పాను" అంది.

బజారులో ఏలియా వాళ్లకని తొక్కుడు లడ్డూలు కొన్నాను. కొట్టాయన రుచికి ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. నెయ్యి వేలికి అంటుకుని చాలాసేపు పోలేదు.

చల్లపల్లి మీదుగా

మర్నాడు చల్లపల్లి మీదుగా నాగాయలంక వెళ్లే బస్సులో నా పక్కన ఒక మినుము రైతు కూర్చున్నాడు. గుమ్మడికాయని కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

"ఎంతకి కొన్నారండీ?"

"ఐదొందలు."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మా ఊళ్లో చెప్పకండి బాబూ. రేపట్నించి అందరూ గుమ్మడే వేస్తారు."

తన పొలం సంగతి చెప్పాడు. పోయిన ఏడు తెగులొచ్చి చేనంతా పసుపెక్కిందట, అంతకుముందు ఏడు వానకి కుళ్లిందట. ఈ ఏడు మళ్లీ మినుమే చల్లాడు. ఎందుకన్నాను. "మా నాయన చల్లాడండీ" అన్నాడు. అంతే కారణం. ఆ పైన ఎరువుల ధరల మీదికి వెళ్లిపోయాడు. చల్లపల్లిలో తను దిగేటప్పుడు నా గుమ్మడికాయని రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టి, "దీనికి కిటికీ పక్క సీటివ్వండి, ఐదొందలంటే మాటలా" అన్నాడు.

దివి చివర

నాగాయలంక దాటాక పైరు తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. రోడ్డు ఆగిపోయిన చోట ఏలియా మోటారు సైకిలుతో నిలబడి ఉన్నాడు. బాగా చిక్కాడు. నన్ను చూసి నవ్వి, "అమ్మగారు కూడా ఇక్కడే దిగేవారు" అన్నాడు.

ఇల్లు రెండు గదులు, పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డే గుడి. మూడు కుటుంబాలు వస్తాయి. ఆరేళ్లకి మూడు. లోపల సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. కొన్ని వస్తువులు అప్పుడే ఊళ్లోవాళ్లకి ఇచ్చేశారు. కూర్చోడానికి చాప తప్ప మిగల్లేదు. సుగుణ బిందెలోంచి కాకుండా టిన్నులోంచి నీళ్లిచ్చింది. ఇక్కడ బోరు నీళ్లు ఉప్పన, తాగే నీళ్లు కొనుక్కోవాలి. మా సీమలో నీళ్లు తక్కువ, కానీ ఉన్న నీళ్లు తియ్యగా ఉంటాయి. చుట్టూ నీళ్లే ఉన్న ఊళ్లో నీళ్లు కొనడం నాకు వింతగా తోచింది.

గుమ్మడికాయ చూసి పక్కింటి నాంచారమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. మొగుడూ కొడుకూ పడవ మీద వేటకి వెళ్తారు. వాళ్లింట్లో అమ్మవారి పటం ఉంది, ఆ షెడ్డులోకి తను ఎప్పుడూ రాలేదు. గుమ్మం దగ్గరే చతికిలబడింది.

"ఈయనేనా విమలమ్మగారి పెనిమిటి? ఆయమ్మ గలగలా మాట్లాడేది. ఈయనేంటి, ఉప్పు చేపలా ఉన్నాడు?"

"అత్తా!" అంది సుగుణ.

"ఉన్నమాటేగా. ఏమయ్యా మాస్టారూ, నువ్వైనా అడుగు. ఆరేళ్లబట్టీ మా దేవుడు మారడు, మారడు అని ఒకటే చెప్తన్నాడు ఈ ఏలియాబాబు. చెప్పినోడేమో మూటలు కట్టుకుంటన్నాడు. అదేంటి మరి?"

ఏలియా నవ్వబోయి నవ్వలేకపోయాడు. నాంచారమ్మ జవాబు కోసం ఆగలేదు. గుమ్మడికాయ ముక్కలు తనే కోసింది.

పిల్లవాడు పోయినప్పటి సంగతి ఏలియా నాకు వేరుగా చెప్పాడు. ఈ పల్లెలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్లు వంతులేసుకుని అన్నం తెచ్చిపెడతారు. వీళ్లు క్రైస్తవులు, పైగా బయటినుంచి వచ్చినవాళ్లు. ఆ ఆచారం తమకి వర్తించదనుకున్నారు. కానీ సమాధి చేసి వచ్చేసరికి అరుగు మీద మూత పెట్టిన గిన్నెలున్నాయట. సుగుణ పొయ్యి ముట్టించబోతే నాంచారమ్మ చెయ్యి పట్టుకుని లాగేసిందట. "మేం వీళ్లకి ఇవ్వడానికి వచ్చాం మాస్టారూ. పెట్టింది వాళ్లు. ఆ కూడు తిన్నాక ఏ మొహంతో బోధ చెయ్యాలో నాకు తెలియలేదు" అన్నాడు.

నువ్వు తిన్నావు కదా, అదే నీ బోధ కావచ్చు, అనాలనిపించింది. అనలేదు. అలాంటి మాటలు చెప్పడం తేలిక.

ఇసుక దిబ్బ

ఎండ తగ్గాక సుగుణ నన్ను ఊరవతల ఇసుక దిబ్బకి తీసుకెళ్లింది. ఊరివాళ్ల సమాధులన్నీ అక్కడే. పిల్లవాడికి చోటిచ్చింది కూడా ఊరివాళ్లే. రాయి లేదు. ఇసుక కదలకుండా చుట్టూ గవ్వలు గుచ్చి ఉన్నాయి. ఆమె ఆ గవ్వల పక్కన కూర్చుంది, నేనూ కూర్చున్నాను.

వేలితో ఇసుక సర్దుతూ అంది. "వీణ్ణి ఇక్కడ పెట్టినప్పట్నించీ నేను పైకి ప్రార్థన చెయ్యలేదు మాస్టారూ. ఆయన చేస్తారు, నేను తల వంచుకుని కూర్చుంటాను. అమ్మగారి కోసం మేమంతా ఉపవాసం ఉన్నాం. బాగవుతారనే అనుకున్నాం. వీడికోసం కూడా అడిగాం. నమ్మదగినవాడంటే ఏంటండీ? మీరు చదువుకున్నవారు కదా."

నేను చదివినవేవీ ఆ ఇసుకలో పనికిరావు. తెలిసిందొకటే చెప్పాను.

"చివరి వారం విమల గొప్ప మాటలేమీ చెప్పలేదమ్మా. ఆసుపత్రికొచ్చినవాళ్లు ఏమైనా చెబుతుందని ఎదురు చూశారు. నీళ్లడిగింది. ఫ్యాను తగ్గించమంది. ఒకరోజు నేను పక్కనే ఉండగా కళ్లు మూసుకుని, 'ఉన్నావా ప్రభువా?' అంది. వంటింట్లోంచి ముందు గదిలోవాళ్లని పలకరించినట్టు అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాకు భయం వేసింది. అప్పుడు కళ్లు తెరిచి నాతో, 'ఉన్నాడులెండి' అంది. అంతే."

సుగుణ నా వైపు తిరిగింది.

"మేం అడిగింది ఆయన ఇవ్వలేదు" అన్నాను. "అది నేను దాచను. కానీ ఇస్తానని ఆయన మాటిచ్చింది కూడా అది కాదు. ఆ మాట మనం చేర్చుకున్నాం. ఆయన ఇచ్చిన మాట విడిచిపెట్టనని. విడిచిపెట్టాడో లేదో బయటినుంచి చూసేవాళ్లకి తెలియదు, నాకు తెలియలేదు. మంచం మీదున్న మనిషికి తెలిసింది, ఉన్నాడని చెప్పింది. పెళ్లైన ఇన్నేళ్లలో విమల నాతో అబద్ధమాడలేదు."

చెప్పాక అర్థమైంది, నాకు కావలసిన అర్థం కూడా అదేనని. ఇంట్లో ఏడాదిగా పుస్తకాల మధ్య వెతికినది, ఎవరో అడిగితే తప్ప నోట రాలేదు.

"అయితే మేం ఉండాలంటారా?"

"అది నేను చెప్పలేను. మీరు వెళ్లినా ఆయన మారడు. మీరు ఉన్నందువల్ల ఆయన నమ్మదగినవాడు కాలేదు, వెళ్తే ఆ పేరు పోదు. మూడు కుటుంబాలైనా, ముప్పై అయినా, ఒక్కటీ కాకపోయినా అంతే. బందరులో కొన్ని రాళ్లు చూశాను. భాష రాకముందే పోయినవాళ్లవి. వాళ్లనీ ఆయన మోసం చెయ్యలేదనే నేను నమ్ముతున్నాను."

"ఎక్కడున్నా ఆయనకి ఒకటేనన్నమాట."

"ఆయనకి ఒకటే. నీకు ఒకటో కాదో నువ్వు చూసుకోవాలి."

ఆమె వంగి, ఊడిన గవ్వ ఒకటి తిరిగి గుచ్చింది. పొద్దు పడేదాకా అక్కడే కూర్చున్నాం.

ఇచ్చిన కోడి

మర్నాడు పొద్దున్నే గొడవ వినిపించి బయటికొచ్చాను. సుగుణ నాంచారమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఇచ్చిన కోడిని ఎవత్తైనా తిరిగి అడుగుద్దా? మీ నంద్యాలోళ్ల పద్ధతా ఇది?"

"అత్తా, రుబ్బురోలు కూడా."

"రోలు కూడానా! ఓరి దేవుడా. ఇంకేంటి, మంచవా?"

"మంచం కూడా" అంది సుగుణ. "ఆ చాప మీద ఆయనకి నడుం పట్టేసింది."

నాంచారమ్మ కొంగు బిగించి లోపలికెళ్లి, కోడిని రెక్కలు పట్టుకుని తెచ్చి సుగుణ చేతిలో పెట్టింది. "ఇన్నాళ్లూ మేపాను. గుడ్లు మాత్రం నావే. ఈ వారం పెట్టినవి ఇచ్చేది లేదు." గొంతు గట్టిగానే ఉంది. మొహం పక్కకి తిప్పుకుంది. ఆపైన కొడుకుని పిలిచి రోలు దొర్లించమంది.

ఏలియా పళ్లు తోముకుంటూ ఈ తంతంతా చూస్తున్నాడు. అతనికి ముందుగా ఎవరూ చెప్పినట్టు లేదు. నోట్లో నురగతోనే నా వైపు తిరిగి, "మాస్టారూ, మేం ఉంటున్నామా?" అని అడిగాడు.

"రోలు వచ్చేస్తోంది" అన్నాను.

ఆ రోజంతా మూటలు విప్పడంతో సరిపోయింది. మంచానికి నవారు వదులైతే నేనూ ఏలియా కలిసి బిగించాం. నాకు అలవాటు లేని పని, చేతులు పొక్కాయి. మధ్యాహ్నం నెత్తళ్లనే చిన్న ఎండుచేపలు వేసిన వంకాయ కూర. లడ్డూల్లో సగం నాంచారమ్మకి వెళ్లాయి. "బందరు లడ్డు బందరులోనే బావుంటది" అని వంక పెట్టి మరొకటి తీసుకుంది.

సాయంత్రం దీపాలు పెట్టాక చాప మీద కూర్చున్నాం. ఏలియా వాక్యం చదివి తల వంచాడు. మొదలుపెట్టబోతుంటే సుగుణ, "ఇవాళ నేను చేస్తాను" అంది.

ఊరి కోసం అడిగింది, వేటకెళ్లిన పడవల కోసం అడిగింది. నాంచారమ్మ మోకాళ్ల నొప్పి కోసం అడిగింది. పిల్లవాడి పేరు ఎత్తి, ఏమీ అడగకుండా, ఉన్నావు కదా అంది. తర్వాత నంద్యాలలో తమ కోసం ప్రార్థన చేసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. ఆరేళ్లుగా వీళ్లు రోజూ చెప్పే వరస అది. "విమలమ్మగారికి మంచి ఆరోగ్యం ఇచ్చి..." అంది.

అక్కడ ఆగిపోయింది.

నేను కళ్లు తెరవలేదు. ఎవరూ తెరవలేదనుకుంటాను. ఆ పేరు ఆ గదిలో, బతికున్న మనిషి పేరు పలికినట్టు పలికింది. ఆ వాక్యం ఇంకొంచెం సాగితే బాగుండుననిపించింది. ఆరోగ్యం ఇచ్చి, తర్వాత ఏం అడిగేవారో, ఏం అడిగితే విమల ప్రతి జనవరిలోనూ అన్ని రొట్టెలతో బస్సెక్కగలిగేదో తెలిసేది.

సుగుణ ఊపిరి పీల్చుకుంది. "మాస్టారికి" అంది, నా పేరు మీదుగా ముందుకు వెళ్లి, ఆమెన్ అంది.

మా సంఘాల్లో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు. వాళ్లకి ఇక లోటు లేదని, అడగవలసింది ఏమీ మిగల్లేదని మా నమ్మకం. నేనూ అది నమ్ముతాను. ఏలియా, సుగుణ ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నారు, సాయంత్రం ప్రార్థన రోజూ జరుగుతోంది. అందులో విమల పేరు చెప్పడం లేదు.